కై యాంగ్

కై యాంగ్ థాయిలాండ్ దేశపు ఈశాన్య ప్రాంతమైన ఇసాన్‌కు చెందిన, నిప్పులపై కాల్చిన కోడిమాంసపు వంటకము. థాయి భాషలో "కై" అనగా కోడి, "యాంగ్" అనగా కాల్చినది. దీనిని గై యాంగ్ అని కూడా వ్యవహరిస్తారు. పొరుగుదేశమైన లావోస్‌లో దీనిని "పింగ్ కై" అంటారు. దీనికి కావలసిన వస్తువులలో అధికభాగం తెలుగువారి వంటింట్లో ఉండేవే కనుక సుమారు గంట సమయంలో ఇంటివద్దనే తయారుచేసుకోవచ్చు.

నేపథ్యం

ఇసాన్ ప్రజలలో లావో భాష, సంస్కృతి ప్రభావం ఎక్కువ. వారు ఉపాధి కొరకు బ్యాంకాక్ నగరానికి వలస వెళ్ళడంతో ఈ వంటకం దేశమంతటా వ్యాపించింది. సంప్రదాయ పద్ధతిలో కోడిని చీల్చి, పరచి, వెదురు బద్దల మధ్య బిగించి, సన్నని బొగ్గుసెగపై నిదానంగా కాలుస్తారు. మిరపకాయ అమెరికా ఖండాల నుండి ఆసియాకు చేరినది 16వ శతాబ్దంలోనే. అంతకు పూర్వం తెలుగు వంటలలో వలెనే థాయి వంటలలోనూ కారానికి మిరియాలు వాడేవారు. కై యాంగ్ ముద్దలో నేటికీ మిరియాలే ప్రధానము.

కావలసిన పదార్థాలు (నలుగురికి)

* ఎముక తీసిన కోడి తొడ మాంసం - 600 గ్రాములు
* వెల్లుల్లి రెబ్బలు - 6
* కొత్తిమీర వేళ్ళు, కాడలు (తరిగినవి) - 2 పెద్ద చెంచాలు
* మిరియాలు - 1 చిన్న చెంచా
* సోయా సాస్ - 2 పెద్ద చెంచాలు
* తాటిబెల్లం - 1 పెద్ద చెంచా
* నూనె - 1 పెద్ద చెంచా
* నిమ్మగడ్డి (దొరికినచో) - 1 కాడ

థాయిలాండ్‌లో ఉప్పదనానికి చేపల నుండి తీసిన ఫిష్ సాస్ కూడా వాడతారు. అది లేనిచోట కొద్దిగా ఉప్పు వేస్తే సరిపోతుంది. మన బజారులో కొత్తిమీర కట్టలు తరచుగా వేళ్ళతోనే వస్తాయి. మనం కోసి పారవేసే ఆ వేళ్ళే ఈ వంటకానికి ప్రత్యేకమైన వాసన ఇస్తాయి. వాటిని మట్టి పోయేవరకు కడిగి వాడాలి.

తయారుచేయు విధానం

1. వెల్లుల్లి, కొత్తిమీర వేళ్ళు, మిరియాలు, నిమ్మగడ్డి రోటిలో మెత్తగా నూరి, సోయా సాస్, నూనె కలపాలి.
2. మాంసాన్ని ఒకటిన్నర సెంటీమీటరు మందానికి మించకుండా పరచి, ముద్ద పట్టించి, 30 నిమిషాలు మూతపెట్టి ఉంచాలి.
3. బాగా కాగిన ఇనుప పెనంపై మధ్యస్థమైన మంటమీద ఒక్కొక్క వైపు 5 నుండి 6 నిమిషాలు కాల్చాలి.
4. తాటిబెల్లం కొద్ది నీటిలో కరగించి, చివరి రెండు నిమిషాలలో మాత్రమే పైన పూయాలి.
5. దించిన తరువాత 5 నిమిషాలు ఆగి ముక్కలు కోయాలి.

బెల్లం ముందుగానే కలిపినచో లోపలి మాంసం ఉడకక ముందే పైభాగం మాడుతుంది. నిమ్మరసంలో ఎక్కువసేపు నానిన మాంసం పైపొర పిండిపిండిగా మారుతుంది కనుక పులుపును పచ్చడిలో మాత్రమే వేయాలి. మన అంగళ్ళలో ఎక్కువగా తోలు తీసిన కోడినే అమ్ముతారు. అది త్వరగా ఎండిపోతుంది కావున నూనె తప్పనిసరి.

జాగ్రత్తలు

ఈ వంటలో త్వరపడవలసినది మాంసాన్ని పలుచగా పరచడం ద్వారానే గాని, తక్కువసేపు కాల్చడం ద్వారా కాదు. పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపైలోబ్యాక్టర్ వంటి బాక్టీరియా ఉండవచ్చు. మాంసం నడిభాగం 74 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరితే అవి నశిస్తాయి. ఉష్ణమాపకం లేనిచో మందమైన చోట కోసి చూడాలి. ఎర్రదనం కనిపిస్తే మరికొంతసేపు కాల్చాలి. పైకి నల్లబడినంత మాత్రాన లోపల ఉడికినట్లు కాదు. పచ్చి మాంసం నానిన రసాన్ని పచ్చడిలో కలుపరాదు. పచ్చి మాంసం ఉంచిన పళ్ళెంలో కాల్చిన ముక్కలు పెట్టరాదు.

వడ్డన

దీనితో "చేవ్" అనే పచ్చడి వడ్డిస్తారు. చింతపండు గుజ్జు, బెల్లం, ఫిష్ సాస్ లేదా ఉప్పు, వేయించి దంచిన ఎండుమిరప, నిమ్మరసం కలిపి, దోరగా వేయించి పొడిచేసిన బియ్యం ఒక పెద్ద చెంచా చేరుస్తారు. ఈ పొడి పచ్చడిని చిక్కబరచి కమ్మని వాసన ఇస్తుంది.

ఇసాన్ ప్రజలు ఆవిరిపై ఉడికించిన జిగురు బియ్యపు అన్నాన్ని చేతితో చిన్న ముద్దలుగా చేసి పచ్చడిలో అద్దుకొని తింటారు. ఆ బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు కనుక మెతుకులు అంటుకుంటాయి. నంద్యాల, ఆళ్ళగడ్డ, దొర్నిపాడు ప్రాంతాల వారికి పరిచితమైన సోనా మసూరి అన్నం పొడిపొడిగా ఉంటుంది కావున దానికి బదులుగా నిలువదు. రాయలసీమ వంటింట్లో దీనికి దగ్గరైనది సంగటి. సంగటి ముద్దను తుంచి పులుసులో అద్దుకొని తినే అలవాటు ఇసాన్ పద్ధతిని పోలి ఉంటుంది.