సెర్చ్ ఇంజన్‌ని మన ప్రోగ్రాము ఎలా అడుగుతుంది?

కొల్లేటికి ఏటా ఎన్నో రకాల పక్షులు వలస వస్తాయని మీకు తెలుసు. వాటి గురించి మీ సైన్సు క్లబ్బు ఒక వెబ్ అప్లికేషన్ తయారు చేసిందనుకోండి. అందులో ‘గూడబాతు’ అని టైపు చేస్తే, ఆ పక్షి మీద కొత్తగా వచ్చిన పేజీల పేర్లు కనిపించాలి. ప్రపంచంలోని వెబ్ పేజీలన్నీ వెతకడం మీ చిన్న ప్రోగ్రాము వల్ల అవుతుందా? కాదు. అందుకే అది సెర్చ్ ఇంజన్‌ని అడగాలి.

ముందు ఒక సంగతి తెలుసుకుందాం. మీరు అడిగాక సెర్చ్ ఇంజన్ వెబ్ అంతా గాలించడానికి బయలుదేరదు. దాని ప్రోగ్రాములు ఒక పేజీలోని లింకు పట్టుకుని మరో పేజీకి పోతూ, రాత్రింబవళ్ళు పేజీలు సేకరిస్తూనే ఉంటాయి. ఏ మాట ఏ పేజీలో ఉందో రాసిపెట్టుకుంటాయి. పెద్ద పుస్తకం చివర ఉండే పదసూచిక వంటిదే ఇది. లారీ పేజ్, సెర్గే బ్రిన్ 1998లో గూగుల్‌ని వివరిస్తూ వ్యాసం రాసేనాటికే వారి దగ్గర 2 కోట్ల 40 లక్షల పేజీలు పోగయ్యాయి. మనం ‘తాజా సమాచారం’ అంటున్నది కూడా ఆ సూచికలో చేరినంతవరకే తాజా.

మరి ఆ సూచికను మన ప్రోగ్రాము చూసేదెలా? గ్రంథాలయం లోపలి గదిలోకి మిమ్మల్ని పోనివ్వరు. కౌంటరు దగ్గర చీటీ రాసి ఇస్తే పుస్తకం తెచ్చి ఇస్తారు. ప్రోగ్రాముల కోసం ఏర్పాటు చేసిన ఇలాంటి కౌంటరునే ‘ఏపీఐ’ అంటారు. చీటీ ఎలా రాయాలో, జవాబు ఏ రూపంలో వస్తుందో ముందే నిర్ణయించి ఉంటుంది. అడిగేది ఎవరో తెలియడానికి ‘కీ’ అనే రహస్య సంకేతం ఇస్తారు. మీరు టైపు చేసిన మాట మొదట మీ సర్వర్‌కు వెళుతుంది. సర్వర్ దానికి కీ జతచేసి సెర్చ్ ఇంజన్‌కు పంపుతుంది. పేజీ పేరు, చిరునామా, కొద్దిపాటి సారాంశం జవాబుగా వస్తాయి. కీని వెబ్ పేజీలోనే రాసిపెడితే ఏమవుతుంది? ఆ పేజీ తెరిచిన ఎవరైనా దాన్ని చూసి వాడేసుకోవచ్చు!

కౌంటరుకు హద్దులుంటాయి. 2002లో గూగుల్ ఇలాంటి సదుపాయం ఉచితంగా ఇచ్చినప్పుడు రోజుకు 1000 ప్రశ్నలే అడగనిచ్చింది. తరగతిలో 40 మంది తలా 25 సార్లు అడిగితే ఆ రోజుకు సరి! దీనికో ఉపాయం ఉంది. ఒకసారి వచ్చిన జవాబును సర్వర్‌లో దాచి, అదే ప్రశ్న మళ్ళీ వస్తే దాన్నే ఇవ్వాలి. అయితే దాచిన జవాబు పాతబడుతుంది. గూడబాతు సంగతి ఒక రోజు పాతదైనా ఫరవాలేదు. తుపాను సంగతి అలా కాదు.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి. కౌంటరు తెరిచినవారే దాన్ని మూయవచ్చు. గూగుల్ ఆ సదుపాయానికి కొత్త కీలు ఇవ్వడం 2006 డిసెంబరులో మానేసింది. 2009లో దాన్ని పూర్తిగా మూసివేసింది. మైక్రోసాఫ్ట్ కూడా తన బింగ్ సెర్చ్ ఏపీఐలను 2025 ఆగస్టు 11న ఆపేసింది. వాటి మీదే ఆధారపడ్డ ప్రోగ్రాములు వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది. 2007లో మొదలైన కామన్ క్రాల్ అనే లాభాపేక్ష లేని సంస్థ తాను సేకరించిన పేజీలను అందరికీ ఉచితంగా ఇస్తోంది. కాని అవి విడతలు విడతలుగా వస్తాయి. ఈ నిమిషపు వార్త వాటిలో దొరకదు.

కనుక తెలివైన ప్రోగ్రామరు రెండు జాగ్రత్తలు తీసుకుంటాడు. సెర్చ్ ఇంజన్‌తో మాట్లాడే భాగాన్ని ప్రోగ్రాములో ఒకేచోట విడిగా రాస్తాడు. ఒక కౌంటరు మూతపడితే ఆ భాగం మారిస్తే చాలు. జవాబు రాకపోతే పాత జవాబే చూపించి, అది ఏనాటిదో తేదీ వేస్తాడు.

ఇప్పుడు మీరే ఆలోచించండి. చార్మినార్ కట్టిన సంవత్సరం, క్రికెట్ స్కోరు, గోదావరి నీటిమట్టం, ఈ మూడింటి జవాబులను ఎంతసేపు దాచవచ్చు? వరదల రోజుల్లో మీ లెక్క మారుతుందా?