వార్తల్లో పదం: ప్రాసిక్యూషన్ సాక్షి

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాపు, ఏ-1 మిర్చి సెంటర్ల దగ్గర బాంబులు పేలాయి. జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) కోర్టు 157 మంది సాక్షులను విచారించి, 2016 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను సమర్థించింది. ఇలా నేరాన్ని రుజువు చేసేందుకు ప్రభుత్వం తరఫున పిలిచేవాళ్లే ప్రాసిక్యూషన్ సాక్షులు.

సాక్షిగా రమ్మని సమన్లు చేతికందితే కుర్రకారుకు గుండె దడ. నేరం చేసినవాళ్లు కాదు కదా, చూసినవాళ్లే! ఏ కోర్టులో బోనెక్కినా పని ఒకటే: ప్రమాణం చేసి, తెలిసింది చెప్పడం. ముందు ప్రాసిక్యూటర్ అడుగుతారు, తర్వాత ఎదుటి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్. తడబాటంతా అక్కడే. గుర్తులేనిదాన్ని గుర్తులేదంటే తప్పు కాదు. అల్లి చెబితేనే చిక్కు.

ప్రశ్న అర్థమై జవాబివ్వగలిగితే పిల్లలూ సాక్షులే. పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసుల్లో లాయర్లు వాళ్లను జడ్జి ద్వారానే ప్రశ్నించాలి.

బెదిరింపులొస్తే సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి నేతృత్వంలోని కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.