గద్దను తరిమే పసులపోలిగాడు

ఎండాకాలంలో నెల్లూరు మెట్టలో, ఆత్మకూరు నుంచి ఉదయగిరి వెళ్లే దారి పొడవునా కరెంటు తీగల మీద తోక చీలిన నల్లపిట్ట కనిపిస్తుంది. కొందరు ఏట్రింత అంటారు, కొందరు పసులపోలిగాడు అంటారు. బరువు సుమారు యాభై గ్రాములు. గూడు దగ్గరికి గద్ద వస్తే చాలు, తనకంటే పది రెట్లకు మించి బరువున్న ఆ పక్షి మీదికి లేస్తుంది. అయితే నేరుగా ఎదురుపోదు. ముందు గద్దకంటే పైకి చేరుకుంటుంది. అక్కడి నుంచి దాని వీపు మీదికి జారి, ఒక పోటు పొడిచి, జారుడులో వచ్చిన వేగంతోనే మళ్లీ పైకి లేస్తుంది. గద్ద ఒళ్లు తిప్పుకునేలోగా ఇది రెండోసారి దాని తోక వెనక ఉంటుంది. యుద్ధవిమానాలు దగ్గరగా తలపడే డాగ్‌ఫైట్‌లో పైలట్లు నేర్చుకునేదంతా ఈ కొద్ది క్షణాల్లో ఉంది. ఎత్తును వేగంగా, వేగాన్ని మలుపుగా, మిగిలిన వేగాన్ని తిరిగి ఎత్తుగా మార్చుకోవడమే ఆ విద్య. ఈ మారకాన్ని అర్థం చేసుకోవడానికి కంప్యూటర్‌లో ఆడే యుద్ధవిమాన సిమ్యులేటర్‌ను మించిన చౌకైన ప్రయోగశాల లేదని నా వాదన. ఫ్లయింగ్ క్లబ్బు గానీ విండ్ టన్నెల్ గానీ అందుబాటులో లేని మెట్ట ప్రాంతపు విద్యార్థికి ఈ మాట మరింత వర్తిస్తుంది.

ముందుగా రెక్క సంగతి చూద్దాం. ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉన్న సంగతి తెలిసిందే. అలాంటి చెంచా ఒకటి తీసుకుని, కాడ చివర రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, దాని గుండ్రటి వీపును కొళాయి ధారకు ఆనించండి. ధార దాన్ని అవతలికి నెట్టేస్తుందని అనుకుంటాం. కానీ చెంచా ధారలోకే లాక్కుపోతుంది. నీరు ఆ వంపును అంటిపెట్టుకుని పారి పక్కకు మళ్లుతుంది. చెంచా నీటిని ఒకవైపు మళ్లించినందుకు నీరు చెంచాను రెండోవైపు లాగుతుంది. విమానం రెక్క గాలితో చేసే పనీ ఇదే. గాలిని కిందికి మళ్లించి తాను పైకి లేస్తుంది. ఇప్పుడు చెంచాను మెల్లగా ఇంకా వాలుగా తిప్పుతూ పోతే ఒక దశలో ధార వీపును వదిలేసి చిమ్ముతుంది, లాగుడు తగ్గిపోతుంది. విమానంలో దాన్నే స్టాల్ అంటారు. తొందరపడి జాయ్‌స్టిక్‌ను పొట్టదాకా లాగిన కొత్తవాడి విమానం కుదుపుతో కిందికి జారడానికి కారణం ఇదే. మలుపు తిరగడమంటే రెక్కలను పక్కకు వాల్చి, పైకెత్తే బలంలో ఎక్కువ భాగాన్ని పక్కకు లాగడానికి వాడుకోవడం. ఆ బలం విమానం బరువుకు ఎన్ని రెట్లుందో అన్ని ‘జీ’లు. 5 జీ మలుపులో పైలట్ తల ఐదు తలల బరువు తూగుతుంది.

మలుపు లెక్కలో అసలు కిటుకు వేగం దగ్గర ఉంది. ఒకే ఎత్తులో 5 జీతో తిరుగుతున్న రెండు విమానాలను ఊహించుకుందాం. ఒకటి గంటకు 720 కిలోమీటర్ల వేగంతో పోతోంది. దాని మలుపు వ్యాసార్ధం దాదాపు 830 మీటర్లు, పూర్తి చుట్టుకు 26 సెకన్లు. రెండోది 450 కిలోమీటర్ల వేగంతో పోతోంది. దాని వ్యాసార్ధం 325 మీటర్లే, చుట్టుకు 16 సెకన్లే. వ్యాసార్ధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వేగం ఎక్కువున్నవాడు పెద్ద గుండ్రం గీస్తూ వెనకబడతాడు. అలాగని వేగం తగ్గించుకుంటూ పోతే లాభం లేదు. గంటకు 200 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అయ్యే విమానం 5 జీ లాగాలంటే కనీసం 447 కిలోమీటర్ల వేగం ఉండాలి. ఇది 200ను 5 వర్గమూలంతో హెచ్చిస్తే వచ్చే సంఖ్య. ఇంతకంటే మెల్లగా పోతే రెక్క అంత బలం ఇవ్వలేదు, ఇంతకంటే జోరుగా పోతే గుండ్రం పెద్దదవుతుంది. పైలట్లు దీన్ని కార్నర్ స్పీడ్ అంటారు. వేగం ఒక్కటే చాలదనడానికి ఒక ఉదాహరణ ఉంది. 1965 సెప్టెంబర్ 7న పాకిస్తాన్‌లోని సర్గోధా మీద భారత వాయుసేన చేసిన దాడిలో స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బి. దేవయ్య మిస్టెయర్ విమానం ధ్వనికి రెట్టింపు వేగం అందుకోగల పాకిస్తాన్ స్టార్‌ఫైటర్‌తో తలపడింది. ఆ పోరులో రెండు విమానాలూ కూలిపోయాయి. ప్రాణాలు కోల్పోయిన దేవయ్యకు 1988లో మహావీర్ చక్ర ప్రకటించారు. కురచ రెక్కల స్టార్‌ఫైటర్ నేరుగా దూసుకుపోవడానికి పుట్టిన యంత్రం. మలుపుల పోరులోకి దిగితే ఆ వేగం దానికి అక్కరకు రాదు.

ఇంతవరకు చెప్పింది ఒక్క క్షణపు లెక్క. డాగ్‌ఫైట్ నిమిషాల పాటు సాగుతుంది, దానికి జమాఖర్చు కావాలి. ఈ ప్రాంతం వారికి దాన్ని చెప్పడానికి సోమశిలను మించిన పోలిక లేదు. పెన్నకు అడ్డుగా కట్టిన ఆ జలాశయంలో 78 టీఎంసీలు నిల్వ చేయవచ్చు. విమానానికి ఎత్తు అలాంటి నిల్వ. వేగం కాలువలో పారుతున్న నీరు. గట్టిగా మలుపు తిరగడం తూములు బార్లా తెరవడం. ఇంజను పైనుంచి వచ్చే వరద. గాలి నిరోధం ఆగకుండా జరిగే నష్టం, పైగా మలుపు బిగిసేకొద్దీ ఆ నష్టం పెరుగుతుంది. 1960ల్లో అమెరికా వాయుసేన పైలట్ జాన్ బాయిడ్, గణితజ్ఞుడు థామస్ క్రిస్టీ కలిసి ఈ జమాఖర్చును సమీకరణాలుగా రాశారు. ఇంజను తోపులోంచి గాలి నిరోధాన్ని తీసేసి, మిగిలినదాన్ని వేగంతో గుణించి, బరువుతో భాగిస్తే ఆ క్షణాన విమానం శక్తిని కూడబెడుతోందో పోగొట్టుకుంటోందో తెలుస్తుంది. ఆ తర్వాత అమెరికా యుద్ధవిమానాల రూపకల్పనే ఈ లెక్క మీద నడిచింది.

ఈ లెక్క కంటికి కనిపించేదాన్ని తలకిందులు చేస్తుంది. ఒక విమానం 2,000 మీటర్ల ఎత్తులో 450 కిలోమీటర్ల వేగంతో ఉంది. ఇంకొకటి 1,000 మీటర్ల ఎత్తులో 720 కిలోమీటర్ల వేగంతో ఉంది. చూడగానే పైనున్నదే బలమైనదనిపిస్తుంది. వేగాన్ని కూడా ఎత్తుగా మార్చి కలిపితే మొదటిదానికి 2,796 మీటర్లు, రెండోదానికి 3,039 మీటర్లు వస్తాయి. కింద ఉన్నదే కలిగిన ఆసామి. ఉదయగిరి దుర్గం సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తున ఉంది, అంటే 938 మీటర్లు. 720 కిలోమీటర్ల వేగంతో పోతున్న విమానం అంత ఎత్తును పూర్తిగా దిగి, ఆ నిల్వనంతా వేగంగా మార్చుకున్నా 870 కిలోమీటర్లకే చేరుతుంది. కొండంత ఎత్తు ఖర్చుపెడితే 150 కిలోమీటర్లే దక్కాయి. అలాగని ఎత్తుకు విలువ లేదనుకోకూడదు. శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని 1514లో గెలుచుకోవడానికి ఏడాదికి పైగా ముట్టడించవలసి వచ్చింది. ఎత్తు అంతకాలం కోటను కాచింది. కానీ ముట్టడి అంటేనే రాబడి ఆగిపోవడం. రాబడి లేని నిల్వ ఎంతున్నా తరిగిపోక తప్పదు, ఆకాశంలో కూడా.

ఈ విద్యను నిజం విమానంలో నేర్వడం ప్రాణాల మీదికి తెచ్చే పని. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో, జర్మన్ పైలట్ ఓస్వాల్డ్ బోల్కే తోటివారి కోసం ఎనిమిది సూత్రాలు రాశాడు. దాడికి ముందు అనుకూల స్థానం చూసుకో, వీలైతే సూర్యుణ్ణి వెనక ఉంచుకో అనేది వాటిలో మొదటిది. అదే ఏడాది ఆకాశంలో సొంత దళం విమానం తగిలి చనిపోయాడు. నేలమీదే నేర్చుకునే దారి తర్వాత దొరికింది. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్, తన కుటుంబపు సంగీత వాద్యాల కర్మాగారంలోని తిత్తులూ గాలి పంపులతో నేలమీదే ఊగే ఒక పైలట్ పెట్టె తయారుచేశాడు. మొదట్లో దాన్ని సంతల్లో ఆటవస్తువుగానే చూశారు. 1934లో టపా మోసే సైనిక పైలట్లు చెడు వాతావరణంలో వరసగా చనిపోతుంటే సైన్యం ఆ పెట్టెలు కొన్నది. రెండో ప్రపంచయుద్ధంలో ఎందరో పైలట్లు వాటిలోనే తొలిపాఠాలు నేర్చారు.    ఆటవస్తువుగా మొదలై శిక్షణ సాధనంగా మారడం సిమ్యులేటర్ పుట్టుకలోనే ఉంది.

నేటి సిమ్యులేటర్ లోపల జరిగేది బొమ్మల ప్రదర్శన అనుకోకూడదు. సెకనుకు ఎన్నోసార్లు ఆ ప్రోగ్రాం రెక్క గాలిని ఏ కోణంలో కోస్తోందో చూస్తుంది, ఆ ఎత్తులో గాలి సాంద్రతను తీసుకుంటుంది, బలాలన్నీ కూడుతుంది, న్యూటన్ రెండో సూత్రంతో తర్వాతి స్థానాన్ని లెక్కగడుతుంది. ఎవరైనా ఉచితంగా దించుకోగల ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్‌లో ఈ లెక్కలు చేసే జేఎస్‌బీసిమ్ అనే గణన భాగం ఉంది. 2020 ఆగస్టులో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా నిర్వహించిన డాగ్‌ఫైట్ పోటీలో హెరాన్ సిస్టమ్స్ తయారుచేసిన కృత్రిమ మేధ, అనుభవజ్ఞుడైన ఎఫ్-16 యుద్ధవిమాన పైలట్‌ను 5-0తో ఓడించింది. ఆ పోటీకి వాడింది కూడా జేఎస్‌బీసిమ్‌నే. ప్రత్యర్థి స్థానం తప్పులేకుండా తెలిసే సౌకర్యం ఆ యంత్రానికి ఉన్నమాట నిజమే. కానీ దార్పా నమ్మిన భౌతికశాస్త్రమే ఆత్మకూరులోని ఒక పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుందన్నది చిన్న సంగతి కాదు.

విమానం నడపడం నేర్చుకోవాలంటే ప్రయాణికుల విమానం సిమ్యులేటర్ చాలదా, పోరు ఎందుకు అని అడగవచ్చు. నా ఉద్దేశంలో ఈ అభిరుచికున్న విద్యావిలువంతా పోరులోనే ఉంది. ప్రశాంతంగా ఎగిరే విమానం చాలా తప్పులను క్షమిస్తుంది. పది కిలోమీటర్ల వేగం వృథా అయినా ఎవరూ అడగరు. ఎదుట ప్రత్యర్థి ఉంటే ఆ వృథా మరుక్షణమే అతను మన తోక వెనక కనిపించడంగా తేలుతుంది. పరీక్ష రాసిన నెలకు మార్కులు తెలియడానికి, తప్పు చేసిన ఐదు సెకన్లలో తెలియడానికి చాలా తేడా ఉంది. పైగా చాలా సిమ్యులేటర్లలో ఆడినదాన్ని రికార్డు చేసి తిరిగి చూడవచ్చు. ఓడిన పోరును పైనుంచి చూసినప్పుడే ఎక్కడ తూము తెరిచి వదిలేశామో అర్థమవుతుంది.

క్షిపణుల కాలంలో డాగ్‌ఫైట్ ముగిసిపోయిన విద్య అన్నది ఇంకో ఆక్షేపణ. కంటికి కనిపించని దూరం నుంచే కొట్టగల ఆయుధాలు ఇవాళ నిజంగానే ప్రధానం. కానీ ఈ మాట 1950ల్లోనే అన్నారు. ఆ నమ్మకంతోనే అమెరికా నౌకాదళం ఫాంటమ్ విమానాలకు తుపాకీ కూడా పెట్టలేదు. వియత్నాంలో క్షిపణులు తరచూ గురి తప్పాయి, పోరు మళ్లీ మలుపుల్లోకి దిగింది. 1969లో టాప్‌గన్ శిక్షణాలయం పెట్టి పైలట్లకు దగ్గరి పోరు నేర్పాక, ఒక విమానం పోగొట్టుకుంటే రెండు మూడింటిని కూల్చే స్థాయి నుంచి దాదాపు పన్నెండింటిని కూల్చే స్థాయికి ఆ దళం చేరింది. అదీకాక దూరపు క్షిపణికీ ఇదే జమాఖర్చు. ఎంత ఎత్తు నుంచి, ఎంత వేగంతో వదిలామన్నదాన్ని బట్టే అది ఎంత దూరం పోతుందో, చివర్లో మలుపు తిరిగే శక్తి దానికి మిగులుతుందో తేలుతుంది. శక్తి లెక్క ఎన్నటికీ పాతబడదు.

కుర్చీలో కూర్చున్నవాడికి 5 జీ ఎలా తెలుస్తుందన్న ఆక్షేపణలో బలం ఉంది. తెలియదు. రక్తం తలలోంచి దిగిపోవడం, చూపు మసకబారడం, మెడ విరిగిపోతున్నట్లుండటం ఏ తెరా చూపించలేదు. తెర అంచులు నల్లబడటం గుర్తు మాత్రమే. అందువల్ల సిమ్యులేటర్‌లో గెలిచినవాడు పైలట్ అయిపోడు, ఆ భ్రమ ప్రమాదకరం. కానీ పైలట్ పనిలో దేహం ఓర్చుకునే భాగంతో పాటు తీర్పు చేసే భాగం కూడా ఉంది. ఇప్పుడు తిరగాలా, ఎక్కాలా, వదిలేసి పోవాలా అన్న తీర్పు శక్తి లెక్క మీద నిలుస్తుంది, ఆ లెక్క తెర మీద నిక్కచ్చిగా ఉంటుంది. దార్పా తర్వాతి అడుగులో ఇదే తేలింది. సిమ్యులేటర్‌లో నేర్చిన కృత్రిమ మేధ 2023లో, లోపల రక్షణగా పైలట్లు కూర్చున్న ఎక్స్-62ఏ అనే నిజం విమానాన్ని నడిపి, మనిషి నడిపే ఎఫ్-16తో డాగ్‌ఫైట్ చేసింది.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ తల్లిదండ్రులది. చంపడాన్ని ఆటగా నేర్పడం, పైగా చదువు పాడవడం. దీన్ని తేలికగా తీసుకోకూడదు. యుద్ధం ఆట కాదు. కూలిన ప్రతి విమానం వెనకా ఒక ఇల్లు ఉంటుందని పిల్లలకు చెప్పవలసిందే. అయితే ఈ విద్యకు తుపాకీ తప్పనిసరి కాదు. డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్‌తో ఉచితంగా వచ్చే టీఎఫ్-51డీ ముస్టాంగ్‌కు ఆయుధాలే లేవు. ఇద్దరు స్నేహితులు దాన్నే తీసుకుని, అవతలి విమానం తోక వెనక పది సెకన్లు నిలబడినవారు గెలిచినట్టు అనుకుంటే డాగ్‌ఫైట్ లెక్కంతా అందులో ఉంటుంది. కాలం సంగతికి హద్దు పెట్టడం పెద్దల పని. ఇరవై నిమిషాల ఆట, ఆపైన పది నిమిషాలు రికార్డు చూసి నోటుపుస్తకంలో ఎత్తు, వేగం రాసుకోవడం అనే పద్ధతి పెడితే ఆ అభిరుచి భౌతికశాస్త్రం రికార్డు పుస్తకం పక్కన కూర్చోగలదు.

మొదలుపెట్టేవారు మొదటి రోజే పోరులోకి దూకకూడదు. ఒకే ఎత్తులో, ఒకే వేగంతో పూర్తి చుట్టు తిరగడం ముందు రావాలి. ఎత్తు తగ్గకుండా అది వచ్చాక కావాలని స్టాల్ చేసి బయటపడటం నేర్వాలి. తర్వాత తమ విమానం కార్నర్ స్పీడ్‌ను గడియారం పెట్టుకుని కొలవాలి. ఆపైన దిగుతూ తిరిగే మలుపు, ఎక్కుతూ తిరిగే మలుపు. ప్రత్యర్థి రావలసింది అప్పుడే. ఇన్ని మెట్లు ఎక్కిన విద్యార్థి ఒక మధ్యాహ్నం ఆత్మకూరు దారిలో తల ఎత్తి చూస్తే, పసులపోలిగాడు గద్ద మీదికి దిగే ముందు ఎందుకు పైకెక్కిందో, పొడిచాక అక్కడే తిరగకుండా ఎందుకు మళ్లీ పైకే లేచిందో ఎవరూ చెప్పనవసరం లేదు. అతని చేతులకు ఆ సంగతి అప్పటికే తెలిసి ఉంటుంది.