పాత స్టీరింగ్‌కు కొత్త బలం
అంబాసిడర్ తరం కార్లకు పవర్ స్టీరింగ్ అమర్చడంలోని మెలకువలు

స్టీరింగ్ చక్రాన్ని తిప్పే చేతి బలానికి నూనె ఒత్తిడినో విద్యుత్ మోటారునో తోడు చేసే ఏర్పాటును పవర్ స్టీరింగ్ అంటారు. ఈనాడు అతి చిన్న కారులో సైతం అది ఉండి తీరుతుందన్నంత మామూలు సంగతి అయిపోయింది గాని, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1950ల చివర మొదలై 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ తన సుదీర్ఘ జీవితంలో అత్యధిక భాగం ఆ తోడు లేకుండానే రోడ్ల మీద తిరిగింది. చివరి దశలో వచ్చిన కొన్ని రకాలను మినహాయిస్తే, దాన్ని నడిపినవారందరూ ఇరుకు సందుల్లో, సంత వీధుల్లో భుజబలంతోనే దాన్ని మళ్లించారు. నాటి కార్లను నేటికీ అపురూపంగా చూసుకుంటున్న యజమానుల్లో చాలామంది వయసు మళ్లినవారు కావడంతో, కారును అమ్ముకోలేక, స్టీరింగ్ తిప్పలేక, దానికి పవర్ స్టీరింగ్ అమర్చడం సాధ్యమేనా అని మెకానిక్కులను అడగడం సహజంగానే పెరిగింది. సాధ్యమే, అయితే ఏ పద్ధతిలో, ఏ క్రమంలో అన్నదాని మీదే కారు మేలూ కీడూ ఆధారపడి ఉంటాయి.

స్టీరింగ్ ఎందుకు బరువుగా ఉంటుందో ముందు తెలుసుకోవాలి. నిలిచి ఉన్న కారు చక్రాన్ని పక్కకు తిప్పినప్పుడు టైరు దొర్లదు, ఉన్నచోటనే నేలను రాసుకుంటూ మెలిపడుతుంది. ఇంజను బరువంతా మోస్తున్న రబ్బరును అలా మెలితిప్పడానికి కావలసిన బలం చాలా ఎక్కువ. చక్రం కాస్త దొర్లడం మొదలుపెట్టగానే ఆ బలం ఒక్కసారిగా తగ్గిపోతుంది. కారు కొద్దిగా కదిలాకే స్టీరింగ్ తిప్పాలని పాతకాలపు డ్రైవర్లు శిష్యులకు నేర్పడానికి కారణం ఇదే. ఈ భారాన్ని తగ్గించడానికి నాటి ఇంజనీర్ల చేతిలో ఉన్న సాధనాలు రెండే: స్టీరింగ్ చక్రాన్ని పెద్దదిగా చేయడం, లేదా చక్రాన్ని ఎక్కువ చుట్లు తిప్పితే టైరు తక్కువ తిరిగేలా గేర్ల నిష్పత్తిని పెంచడం. మొదటిది డ్రైవరు ఒళ్లోకి వస్తుంది, రెండోది మలుపులో చేతులకు తీరిక లేకుండా చేస్తుంది. దీనికి తోడు, 5.90-15 కొలత గల పాతరకం క్రాస్ ప్లై టైర్ల కోసం రూపొందిన అంబాసిడర్‌కు తర్వాతి కాలంలో రేడియల్ టైర్లు, అందులోనూ వెడల్పాటివి వేయడంతో నిలువు మీద స్టీరింగ్ మరింత మొరాయించసాగింది.

ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. స్టీరింగ్ బరువుగా ఉందని షెడ్డుకు వచ్చే పాత కార్లలో కొన్నింటికి కావలసింది పవర్ స్టీరింగ్ కాదు, గ్రీజు. ముందు చక్రం ఏ ఇరుసు చుట్టూ పక్కకు తిరుగుతుందో దాన్ని కింగ్ పిన్ అంటారు. దానికి ఉన్న నిపుళ్ల ద్వారా నియమంగా గ్రీజు కొట్టాలన్న సంగతి, అసలు గ్రీజే అడగని కార్లకు అలవాటుపడిన తరం మరిచిపోయింది. ఎండిపోయిన కింగ్ పిన్, గాలి తగ్గిన టైరు, అలైన్‌మెంట్ తప్పిన చక్రాలు, ఈ మూడూ కలిస్తే ఎంతటి బలశాలికైనా చెమటలు పడతాయి. ముందు వీటిని సరిచేసి, ఆ తర్వాత కూడా బరువు తగ్గకపోతేనే మార్పు గురించి ఆలోచించాలి. ఎందుకంటే పవర్ స్టీరింగ్ లోపాన్ని పోగొట్టదు, దాచిపెడుతుంది. బిగిసిపోయిన కీలును మోటారు బలవంతంగా తిప్పుతూ పోతే చేతికి తెలియకుండానే అది అరిగిపోతుంది.

స్టీరింగ్‌లో ఎంత ప్లే ఉందో, అంటే టైరు కదలకుండా చక్రం ఎంత వృథాగా తిరుగుతున్నదో చూడటం కూడా ఈ పరీక్షలో భాగమే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఈ వృథా కదలిక 30 డిగ్రీలు మించకూడదంటున్నాయి. 40 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం అంచు మీద అది సుమారు పదిన్నర సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక జానెడులో సగం. ఇది చట్టం ఓర్చుకునే హద్దు మాత్రమే. మంచి స్థితిలో ఉన్న అంబాసిడర్‌లో ఇందులో కొద్ది భాగమైనా కనిపించకూడదు. దాని స్టీరింగ్ రాక్ అండ్ పినియన్ తరహాది, అంటే చిన్న పళ్లచక్రం ఒక పళ్లకడ్డీని నేరుగా ఎడమకూ కుడికీ జరుపుతుంది కనుక మధ్యలో కీళ్లు తక్కువ. ఫియట్ 1100 వంశానికి చెందిన ప్రీమియర్ పద్మినిలో అలా కాక మరచుట్టు వంటి వర్మ్ గేరు ఉన్న స్టీరింగ్ బాక్సు, దాని నుంచి చక్రాల దాకా ఒకదానికొకటి తగిలించిన కడ్డీలు ఉంటాయి. ప్రతి కీలూ తన వంతు ప్లేను కలుపుతుంది.

పవర్ స్టీరింగ్ ఆలోచన అంబాసిడర్ కంటే పాతది. అమెరికాలో పియర్స్ ఆరో సంస్థ లారీల విభాగంలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు నూనె ఒత్తిడితో పనిచేసే ఏర్పాటును 1926లోనే కారుకు అమర్చి చూపించాడు. ఖర్చు ఎక్కువన్న కారణంగా కార్ల కంపెనీలు దాన్ని పక్కన పెట్టగా, రెండో ప్రపంచ యుద్ధంలో బరువైన సైనిక వాహనాలకు అది అక్కరకు వచ్చింది. కొనుగోలుదారుల చేతికి మాత్రం 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతోగాని అందలేదు. విద్యుత్ మోటారుతో పనిచేసే రకం మరీ ఆలస్యంగా, 1988లో జపాన్‌లో సుజుకి సెర్వో అనే చిన్న కారులో మొదలైంది. పాత కారును మార్చాలనుకునేవారి ముందు ఈనాడు ఉన్న దారులు కూడా ఈ రెండే.

మొదటిది నూనె దారి. ఇంజను బెల్టుతో తిరిగే పంపు, నూనె తొట్టి, ఒత్తిడిని తట్టుకునే హోస్ పైపులు, స్టీరింగ్ గేరులో ఒక వాల్వు దీని అంగాలు. డ్రైవరు చక్రం తిప్పగానే లోపలి సన్నని ఉక్కు కడ్డీ రవ్వంత మెలితిరుగుతుంది. ఆ మెలిక వాల్వును తెరిచి, నూనెను ఏ వైపు తిప్పుతున్నారో ఆ వైపుకు పంపుతుంది. వ్యవస్థలోని ఒత్తిడి చదరపు అంగుళానికి వెయ్యి పౌన్లు దాటుతుంది గనుక పైపును ఎక్కడ పడితే అక్కడ వంచి క్లిప్పు బిగించడం కుదరదు. 1960ల నాటి ఫోర్డ్ మస్టాంగ్ వంటి కార్లకు కంపెనీయే ఈ సౌకర్యాన్ని ఐచ్ఛికంగా అమ్మింది కాబట్టి అమెరికాలో విడిభాగాలు నేటికీ దొరుకుతాయి; నూనె దారి అలాంటి కార్లకు నప్పుతుంది. అంబాసిడర్ సంగతి వేరు. 1489 సీసీ పెట్రోలు ఇంజనుకు పంపు బిగించడానికి బ్రాకెట్టు, అదనపు పుల్లీ తయారుచేయించాలి. వేరే కారు రాక్‌ను తెచ్చి క్రాస్ మెంబరు మీద కొత్త రంధ్రాలు వేయాలి. పైగా నిలువు మీద చక్రాన్ని చివరిదాకా తిప్పి పట్టుకుంటే పంపు భారానికి ఆ చిన్న ఇంజను ఆగిపోయేంత పని చేస్తుంది. ఇంత చేశాక ఒకనాటికి కారును మళ్లీ అసలు రూపానికి తేవడమూ కష్టమే.

రెండోది విద్యుత్ దారి, పాత కార్లకు మొత్తం మీద ఇదే మేలు. ఇందులో గేరును ముట్టుకోకుండా, డాష్‌బోర్డు కింద స్టీరింగ్ కడ్డీ మధ్యలోనే మోటారును చేరుస్తారు. చేయి ఎంత బలం పెడుతున్నదో కడ్డీలోని సెన్సరు కొలిచి చెబితే, దాని ప్రకారం మోటారు తన బలం కలుపుతుంది. యూరప్‌లో పాత కార్లను మార్చేవారు ఒపెల్ కోర్సా వంటి చిన్న కార్ల నుంచి తీసిన మోటారు కాలమ్‌లను విరివిగా వాడుతున్నారు. కొత్త కారులో ఆ మోటారుకు వేగం ఎంతో ఇతర కంప్యూటర్లు చెబుతుంటాయి, వేగం పెరిగేకొద్దీ అది సాయం తగ్గిస్తుంది. కేబులుతో తిరిగే స్పీడోమీటరు ఉన్న పాత కారులో ఆ కబురు చెప్పేవారు లేరు. అప్పుడు కొన్ని రకాల మోటార్లు ముందే నిర్ణయించిన ఒకే స్థాయిలో సాయం చేస్తాయి, ఇంకొన్నిటికి సీలింగ్ ఫ్యాను రెగ్యులేటరు వంటి చిన్న మీట జోడించి సాయాన్ని పెంచుకోవడమో తగ్గించుకోవడమో చేస్తారు. ఆ మీటను మొత్తం పెంచేసి హైవే ఎక్కడం తెలివైన పని కాదు.

పనిలో అసలు చిక్కు కాలమ్ దగ్గరే ఎదురవుతుంది. పాత అంబాసిడర్‌లో, పద్మినిలో గేరు లివరు నేల మీద కాక స్టీరింగ్ కడ్డీ పక్కనే ఉంటుంది. దాని తాలూకు గేరు రాడ్లు కూడా కాలమ్ వెంటే కిందికి దిగుతాయి. కొబ్బరికాయంత మోటారును వాటికి తగలకుండా, డ్రైవరు మోకాలికి అడ్డురాకుండా ఎక్కడ ఇరికించాలన్నది కొలతల సమస్య. చోటు దొరికాక కడ్డీని కోసి రెండు చివరలనూ యూనివర్సల్ జాయింట్లతో, అంటే రెండు దిక్కుల్లోనూ వంగగల క్రాస్ కీళ్లతో కలపాలి. రెండు కీళ్లు వాడినప్పుడు వాటి కొమ్మలు ఒకే వరుసలో ఉండకపోతే చక్రం ఒక చుట్టులోనే ఒకచోట తేలికగా, ఒకచోట బిగుతుగా తగులుతుంది. కీలునూ కడ్డీనీ కలిపేచోట స్ప్లైన్లు, అంటే ఒకదానిలో ఒకటి ఇమిడే నిలువు గాళ్లు ఉండి, మీద బోల్టు పడాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఇలాంటి లేత్ పనికి చేయి తిరిగినవారికి కొదవలేదు గాని, తొందరలో రెండు ముక్కలను వెల్డింగుతో అతికించేసి గ్రైండరుతో నున్నగా చేసి రంగు పూస్తే లోపలి పగులు ఎవరికీ కనబడదు. బ్రేకులు పోయినా హ్యాండ్‌బ్రేకు ఉంటుంది, గేరు ఉంటుంది. స్టీరింగ్ కడ్డీ విరిగితే చేయగలిగింది ఏమీ లేదు.

తర్వాతి లెక్క కరెంటుది. నిలువు మీద చక్రం తిప్పినప్పుడు మోటారు కొద్ది క్షణాలపాటు 40 ఆంపియర్ల దాకా లాగవచ్చు. 12 వోల్టుల మీద అది 480 వాట్లు. ఆనాటి బ్రిటిష్ సంప్రదాయపు కార్లలో కనిపించే లూకాస్ సీ40 రకం డైనమో గట్టిగా తిరిగినప్పుడు ఇచ్చేదే 22 ఆంపియర్లు, ఇంజను ఐడిల్‌లో ఉంటే దాదాపు ఏమీ ఇవ్వదు. రాత్రివేళ లైట్లు వేసుకుని, ట్రాఫిక్‌లో ఆగి, ఇరుకులో కారు తిప్పుకోవలసి వచ్చిందంటే బ్యాటరీ ఒక్కటే మొత్తం భారం మోయాలి. అందువల్ల డైనమో స్థానంలో ఆల్టర్నేటరు వేయడం ఈ మార్పులో విడదీయరాని భాగం. బ్యాటరీ నుంచి మోటారుకు విడిగా మందపాటి వైరు, మధ్యలో తగిన ఫ్యూజు, ఇగ్నిషన్ తాళంతో పనిచేసే రిలే ఉండాలి. హారన్ వైరుకో లైట్ల వైరుకో ముడివేయడం నిప్పుతో చెలగాటం. మరీ పాత బండ్లలో బ్యాటరీ ప్లస్ కొనను బాడీకి కలిపి ఉంటే, దాన్ని మైనస్ ఎర్త్‌కు మార్చకుండా ఆధునిక మోటారును తగిలించకూడదు.

మోటారు అమరాక అలైన్‌మెంట్‌ను మళ్లీ చూడాలి. సైకిల్ హ్యాండిల్ వదిలేసి తొక్కుతున్నా ముందు చక్రం నేరుగా పోవడానికి దాని ఫోర్కు వాలుగా ఉండటం ముఖ్యకారణాల్లో ఒకటి. కారు ముందు చక్రాలకు ఇచ్చే అలాంటి వాలును కాస్టర్ అంటారు. కాస్టర్ ఎక్కువైతే మలుపు తర్వాత చక్రం తనంతట తానే మధ్యకు వస్తుంది, కానీ తిప్పడం బరువవుతుంది కాబట్టి చేతి బలంతో నడిచే కార్లకు తక్కువ ఇచ్చేవారు. ఇప్పుడు బరువు మోటారుది గనుక, సస్పెన్షన్‌లో సర్దుబాటుకు వీలుంటే కాస్టర్‌ను కొద్దిగా పెంచి, స్టీరింగ్ గాల్లో తేలినట్లుండే లోపాన్ని చాలావరకు తగ్గించవచ్చు.

చట్టం వైపు నుంచి కూడా కొంత జాగ్రత్త అవసరం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో పట్టు మరింత బిగించింది. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలు వింటేజ్ హోదా పొందాలంటే అసలు రూపంలోనే ఉండాలి. ఈ నిబంధనల్లో చట్రం, బాడీ, ఇంజను మార్పుల ప్రస్తావన స్పష్టంగా ఉన్నా స్టీరింగ్ మాట విడిగా లేదు. కనుక పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో విచారించి, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలి. పాత కడ్డీని కోయకుండా దాని కొలతలకు మరో కడ్డీ చేయించి, అసలుదాన్ని నూనె పూసి గుడ్డ చుట్టి అటక మీద దాచుకోవడం ఎందుకైనా మంచిది.

కారును రోడ్డెక్కించే ముందు చేయవలసిన పరీక్ష ఒకటి మిగిలి ఉంది. ఖాళీ మైదానంలో కారును నెమ్మదిగా నడుపుతూ కొన్ని మలుపులు తిరిగాక, కారు ఆపి మోటారు ఫ్యూజు పీకేసి, అవే మలుపులు మళ్లీ తిరగాలి. చక్రం బరువెక్కుతుంది గాని ఎక్కడా పట్టేయకుండా, పాత అంబాసిడర్ ఎలా తిరిగేదో అలాగే తిరగాలి. అలా తిరగకపోతే ఫ్యూజు తిరిగి పెట్టకుండా కారును నేరుగా షెడ్డుకే తీసుకుపోవాలి.