కావేరిలో పుట్టి ప్రయాణము

అంచెట్టి నుండి దక్షిణముగా అడవిదారిని పోయినచో కావేరీతీరమున హొగెనకల్ వచ్చును. కన్నడములోని ‘హొగె’ మన ‘పొగ’యే, ‘కల్’ అనగా రాయి. రాళ్లపై పడిన నీటి తుంపురులు పొగవలె లేచుటచే ఆ పేరు కలిగినది. ఇచ్చట పడవ యనగా పుట్టియే. దీనిని తెలుగున అరిగోలనియు, కన్నడమున హరిగోలనియు, తమిళమున పరిసల్ అనియు అందురు.

క్రీ. శ. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఇట్టి గుండ్రని బుట్టపడవలను వర్ణించినాడు. లోపల బెత్తపుటల్లిక, వెలుపల తోలు. 15 నుండి 20 మందిని మోయునని వ్రాసినాడు. పిదప తోలునకు బదులు ప్లాస్టిక్ పట్టయు, తారుపూతయు వచ్చినవి.

పుట్టి నీట లోతుగా మునుగదు; కావున రాళ్లనడుమ సయితము సాగగలదు. కాని ముక్కును, వెన్నుదూలమును లేమిచే గిరగిర తిరుగును. ఎక్కువారు అంచుపై బరువు మోపక, నడుమ అడుగు పెట్టవలెను. బరువు నలువైపుల సమముగా నుండునట్లు క్రింద కూర్చుండవలెను, లేచి నిలువరాదు. ఈత వచ్చినను లైఫ్ జాకెట్టు విడువరాదు. దూరప్రయాణమైనచో బియ్యము, అగ్గిపెట్టె, బట్టలు నీరు చొరని సంచిలో కట్టుకొనవలెను. చీకటి పడకముందే గట్టు చేరి, పుట్టిని మెరకకు లాగి బోర్లించవలెను.

అన్నిటికంటె ముఖ్యము నీటిమట్టము. ఇచ్చట చినుకు పడకున్నను, ఎగువ కృష్ణరాజసాగరము, కబిని జలాశయముల నుండి నీరు విడిచినచో కావేరి పొంగును. అట్టివేళ అధికారులు పుట్టిలను నిలిపివేయుదురు. ఎంత దూరమునుండి వచ్చినవారైనను ఆ దినము రేవునుండి మరలుటయే మేలు.