ఎండకాలమున ఇల్లు చూపుట

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున ఇండ్లు చేతులు మారు కాలము ముఖ్యముగా వేసవియే. ఏప్రిల్ నెలలో మూతపడిన బడులు జూన్ రెండవ వారమున తిరిగి తెరచులోగా పిల్లలతో కొత్తచోట స్థిరపడవలెననియు, ఆషాఢము రాకమునుపే వైశాఖ జ్యేష్ఠములలో మంచి ముహూర్తము చూచుకొని పాలు పొంగించుకొనవలెననియు మన కుటుంబములు తలంచుటచేత, బీరంగూడ, అమీన్‌పూర్, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారము మొదలుకొని సంగారెడ్డి పట్టణము వరకు ఇల్లు కొనగోరువారు మండుటెండలలోనే గడపగడపకు తిరుగుచుందురు. వారిలో పెక్కుమంది కార్ఖానాలలో షిఫ్టుపనులు చేయువారగుటచే, వారపు సెలవుదినము తప్ప తీరిక లేక, ఆ ఒక్కనాడే నాలుగైదు ఇండ్లు చూడబూని, మిట్టమధ్యాహ్నవేళ చెమటలు కారుచు వచ్చి గుమ్మములో నిలిచెదరు. అట్లు వచ్చినవానికి గోడల రంగు కంటబడకమునుపే లోపలి వేడి ఒంటికి తగులును. కావున వేసవిలో ఇల్లు అమ్మదలచినవాడు ఆ ఇంటికి చేయదగిన అలంకారము నీడయు, గాలియు, నీరును అని నా నిశ్చితాభిప్రాయము. తక్కినవన్నియు ఈ మూడింటి తరువాతివే.

అమ్మకమునకు ముందు ఇంటిని తీర్చిదిద్ది చూపుట అమెరికా దేశమున 1970 దశకమునుండి ఒక వృత్తిగా రూపొందినది. సామానులు తగ్గించుట, గోడలకు లేతరంగులు వేయుట, వెలుతురు పెంచుట దాని సామాన్యసూత్రములు. కాని ఆ దేశమునందే ఎడారి నడుమనున్న ఫీనిక్స్ నగరమున, 2023 జూన్ చివరినుండి జూలై చివరివరకు వరుసగా 31 దినములు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 110 ఫారెన్‌హీట్ డిగ్రీలకు, అనగా మన లెక్కలో 43 డిగ్రీలకు, తగ్గకుండెను. అట్టిచోట పూలకుండీలును దీపాలంకరణలును ఎవరిని ఆపగలవు? చల్లని లోగిలి ఒక్కటే ఆపగలదు.

మనది ఎడారి కాదు, అర్ధశుష్క మండలము. మెట్టసేద్యపు పంటలపై పరిశోధన చేయు అంతర్జాతీయసంస్థ ఇక్రిశాట్ 1972లో స్థాపితమై, ఎర్రనేలయు నల్లరేగడియు రెండును గల పటాన్‌చెరులోనే తన ప్రధానకేంద్రమును నెలకొల్పుకొన్నది. సముద్రమట్టమునకు సుమారు 545 మీటర్ల ఎత్తున నున్న ఈ పీఠభూమిపై మార్చి మొదలు మే వరకు గాలిలో తేమ మిక్కిలి తక్కువ. పగటి ఎండ ఎంత తీవ్రమైనను రాత్రికి బయటిగాలి కొంత చల్లబడును. పొరుగున హైదరాబాదులో 1966 జూన్ 2వ తేదీన 45.5 డిగ్రీలు నమోదైన సందర్భమును గలదు. కనుక ఎడారివాసుల అనుభవము మనకు వేసవి మూడు నెలలకును అక్కరకు వచ్చును. తొలకరి తరువాత మాత్రము ఉక్కపోత వేరు, ఉపాయములు వేరు.

రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేరులో ఇరుకువీధులును, దళసరి రాతిగోడలును, జాలీ కిటికీలును చేయు పనిని ఇచట మన పెద్దలు మట్టిగోడలతోను, పెంకులకప్పుతోను, ముంగిటి వసారాతోను, షాబాదు బండల నేలతోను సాధించిరి. 1960 దశకమున రామచంద్రాపురమునందు భెల్ కర్మాగారము పని ప్రారంభించి, పిదప పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామికవాడలు వెలసి, 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము ఏర్పడి, ఇటీవల కంది వద్ద ఐఐటీ భవనములు లేచి, నలుదిక్కులనుండి జనము వచ్చి చేరగా, ఆ పాత ఇండ్ల స్థానమున స్లాబు ఇండ్లు వరుసలు తీరినవి. నేడు అమ్మకమునకు వచ్చునవి ఎక్కువగా ఇవియే. పదవీవిరమణ చేసి పిల్లల యొద్దకో స్వగ్రామమునకో తరలిపోవు ఉద్యోగులు కూడబెట్టి కట్టుకొన్న ఇండ్లు వీనిలో అనేకము.

ఈ ఇండ్లకు వేడి యెక్కడినుండి వచ్చునో తెలిసికొన్నగాని దానికి ప్రతిక్రియ తెలియదు. మన అక్షాంశమునందు సూర్యుడు మే రెండవ వారమున సరిగా నడినెత్తిన నిలిచి, పిమ్మట ఆగస్టు మొదటి దినముల వరకు మధ్యాహ్నవేళ కొంచెము ఉత్తరముగానే యుండును. అందుచే మిట్టమధ్యాహ్నపు ఎండ గోడలకు తగులుట స్వల్పము. దాదాపు అంతయు పైకప్పే భరించును. నాలుగైదు అంగుళముల కాంక్రీటు ఆ తాపమునంతయు త్రాగి, కొన్ని గంటల ఆలస్యముతో, పొయ్యి ఆర్పిన పిదపను సెగలు కక్కు పెనమువలె గదిలోనికి వదలుచుండును. కావుననే పై అంతస్తు గది పన్నెండు గంటలకన్న సాయంకాలము ఐదారు గంటలకు దుర్భరముగా నుండును. ఇక మధ్యాహ్నానంతరపు ఎండ పడమటి గోడది. వాస్తుననుసరించి యజమాని పడకగదిని నైరుతిమూలకు చేర్చుట మన ఆచారమగుటచే, ఇంటిలో ముఖ్యమైన గది గోడయే మూడు గంటలనుండి సూర్యాస్తమయము వరకు కాలుచుండును. రాత్రి ఎనిమిది గంటలకు ఆ గోడపై అరచేయి ఆనించి చూచినచో పగటి ఎండ ఇంకను అందే యున్నట్లు తెలియును.

కనుక మొదటి ఖర్చు హాలు గోడలపై గాక డాబాపై పెట్టవలెను. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో 2028 వరకు వర్తించు చలువ పైకప్పుల విధానమును ప్రకటించినది. దేశమున ఒక రాష్ట్రము ఇట్టి విధానమును తెచ్చుట అదియే మొదలు. 600 చదరపు గజములు మొదలుకొని అంతకు పెద్దవైన స్థలములలో కట్టు నివాసములకు అది చలువకప్పును తప్పనిసరి చేసి, చిన్న ఇండ్లకు ఐచ్ఛికముగా విడిచినది. కాని చిన్న ఇంటివానికే దీనివలన మేలు ఎక్కువ. ఏలయన ఎయిర్ కండిషనరు కరెంటు బిల్లు భరించుట అతనికే కష్టము.

చలువకప్పుకై ప్రత్యేకమైన తెల్లరంగులు బజారులో దొరకును. తాహతు లేనివారికి సున్నమే చాలును. డాబాను బాగుగా ఊడ్చి, నాచును గీకివేసి, బీటలు పూడ్చి, కడిగి ఆరబెట్టవలెను. సున్నమును ముందునాటి రాత్రియే తొట్టిలో నీటితో నానవేసి, ఉదయమున పలుచని గుడ్డలో వడగట్టి, పట్టు నిలుచుటకై జిగురు కలిపి, పాలవలె చిక్కబడునట్లు చేసికొని, ఎండ ముదురకమునుపే స్లాబును తడిపి మొదటిపూత వేయవలెను. అది ఆరిన తరువాత అడ్డముగా రెండవపూత. సున్నము కండ్లలో పడినచో ప్రమాదము గనుక కండ్లద్దములును చేతి తొడుగులును లేక ఆ పనికి ఎవరినీ దింపరాదు. మాసి నల్లబడిన కాంక్రీటు తనపై పడిన ఎండలో అధికభాగమును మ్రింగివేయగా, కొత్త తెల్లపూత అధికభాగమును తిరుగగొట్టును. క్రింది గదిలో రెండు మొదలు ఐదు డిగ్రీల వరకు భేదము కనబడును. ధూళి పేరుకొన్న కొలది ఈ గుణము తగ్గును గనుక, కార్ఖానాల పొగయు రహదారి దుమ్మును అధికముగాగల మన ప్రాంతమున నెలకొకసారి డాబా కడుగుట అవసరము. కొనువానిని హాలులో కూర్చుండబెట్టుటకు ముందు ఈ డాబాపైకి తోడ్కొనిపోయి చూపవలెను.

పడమటి కిటికీలకు సజ్జ చిన్నదైనచో బయటివైపున వెదురుతడిక దింపుటయో తాటాకు పందిరి వేయుటయో మేలు. లోపలి తెర ఎంత దళసరిదైనను అద్దము దాటివచ్చిన వేడిని పూర్తిగా తిరిగి పంపజాలదు. ఉదయము తొమ్మిది గంటలకే కిటికీలు మూసి, సూర్యాస్తమయానంతరము ఎదురెదురు కిటికీలు తెరచి, రాత్రిగాలితో ఇంటిని కడిగినట్లు చేయుట మన పెద్దలు ఎరిగిన పద్ధతియే. వట్టివేళ్ళ తడకలకు నీరు చల్లినచో పొడిగాలి చల్లబడుటయేగాక ఇల్లంతయు పరిమళించును. కూలరు పెట్టినవారు ఎదుటి కిటికీని కొంచెము తెరచి యుంచవలెను. తడిగాలికి బయటికి దారి లేనిచో అరగంటలో గదియంతయు జిడ్డుగా మారును. నేలపై తివాచీలు పరచి తాండూరు బండల చల్లదనమును దాచుట అవివేకము. వచ్చినవారు చెప్పులు విడిచి బండపై పాదము మోపినప్పుడు కలుగు సుఖము ఏ వర్ణనకన్నను బలమైన సాక్ష్యము.

ఇల్లు చూడవచ్చినవారికి మంచినీరిచ్చుట మన మర్యాద; మట్టి రంజనులోని నీరైనచో మరియు మంచిది. ఆ నీరు త్రాగుచునే వారు అడుగు ప్రశ్న, బోరు ఎన్ని అడుగులు, మే నెలలో నీరు అందునా అని. ఈ ప్రశ్నకు సమాధానము సిద్ధముగా నుంచుటయే వేసవి విక్రయమున కీలకము. మంజీరానది సంగారెడ్డి జిల్లా నడుమ ప్రవహించుచు, 1960 దశకమునుండి హైదరాబాదు దాహము తీర్చుచున్నను, అనేక కాలనీలలో వేసవి వచ్చినంతనే ట్యాంకరుకై ఎదురుచూపు తప్పుటలేదు. కావున కుళాయి కనెక్షను కాగితము, సంపు ఎన్ని లీటర్లది, బోరు లోతెంత, గత వేసవిలో ట్యాంకరు తెప్పించవలసివచ్చెనా అను సంగతులు ఒక కాగితముపై వ్రాసి ఇయ్యవలెను. ఇంకుడుగుంత ఉన్నచో పూడిక తీయించి చూపవలెను.

నీటి పరిమాణమేగాక దాని గుణమును ఈ ప్రాంతమున ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పటాన్‌చెరు, బొల్లారము పరిశ్రమల వ్యర్థజలములచే నక్కవాగు పరీవాహకమున భూగర్భజలము చెడిపోయిన చరిత్ర దీర్ఘమైనది. 1990లోనే ఆ గోడు సుప్రీంకోర్టుకు ఎక్కినది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ ప్రాంతమును తీవ్రకాలుష్య ప్రాంతములలో చేర్చినది. అన్ని బోరులును చెడినవి కావు. ఒక వీధిలో మంచినీరు, మరు వీధిలో పనికిరాని నీరు పడుట గలదు. కావున అమ్మువాడు తానే బోరునీటిని పరీక్ష చేయించి ఆ పత్రమును చేతికీయవలెను. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకుండుట మంచిది; వేరే ఆధారము లేనప్పుడు 2000 వరకు అనుమతి గలదు; ఫ్లోరైడు 1.5 మించరాదు, నైట్రేటు 45 మించరాదు. పరిశ్రమలకు చేరువనున్న బోరైనచో భారలోహముల పరీక్షయు చేయించవలెను.

రాత్రిపూట రసాయనపు వాసన వచ్చు వీధులు కొన్ని గలవు. అట్టిచోట అగరువత్తులు వెలిగించి, పగటిపూటనే ఇల్లు చూపి, బేరము ముగించుటకు యత్నించువారు లేకపోలేదు. అది ధర్మము కాదు, చట్టసమ్మతమును కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టములోని 55వ సెక్షను, తనకు తెలిసియుండి, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యలోపమును అమ్మువాడు విధిగా వెల్లడించవలెనని శాసించుచున్నది. వేసవిలో ఎండిన గోడపై రంగు వేసి వర్షాకాలపు చెమ్మమరకను కప్పుటకును ఇదియే వర్తించును. చెమ్మ ఎక్కడ దిగుచున్నదో చెప్పి, దానికి చేయించిన మరమ్మతు రసీదును చూపినవాని మాటకు విలువ పెరుగును. చెరువుల చేరువనున్న ఇండ్లవారు పూర్తి నీటిమట్టపు హద్దు తమ స్థలమును తాకుటలేదని తెలుపు కాగితమును, ఆస్తిపై భారములను తెలుపు ఈసీని, లింకు డాక్యుమెంట్లను, ఇంటి ప్లాను అనుమతిని ఒకే ఫైలులో అమర్చి యుంచుటయు ఇల్లు సిద్ధము చేయుటలో భాగమే.

సామానుల విషయమున చెప్పవలసినది కొలదియే. గాలిదారికి అడ్డమైన బీరువాలు జరుపుట, డాబాపైని పాత ఇనుమును తొలగించుట, ముంగిట వేపచెట్టున్నచో దానిక్రింద రెండు కుర్చీలు వేయుట చాలును. చెట్టు లేనివారు ఈ ఏడు నాటినను రాబోవు యజమానికి ఉపకారమే.

ఈ పనులకగు వ్యయము హాలులో ఫాల్స్ సీలింగు దీపములు పెట్టించుటకగు వ్యయముకన్న చాల తక్కువ. ఇల్లు అమ్ముడుపోక నిలిచినను, చలువ ఉన్నవారికే దక్కును. ఉదయపు చల్లనివేళ ఒకసారి, సాయంకాలము ఐదు గంటలకు మరొకసారి, రెండవసారి ఎయిర్ కండిషనరు వేయకుండ, కొనువానిని తానే పిలిచి పై అంతస్తు గదిలో పది నిమిషములు కూర్చుండబెట్టగల ధైర్యము ఇంటియజమానికి ఉండవలెను. ఆ ధైర్యము నిచ్చు ఇంటికి ధర చెప్పునప్పుడు గొంతు తగ్గించవలసిన పని లేదు. జీవితకాలపు పొదుపును మన చేతిలో పోయు కుటుంబమునకు మనము ఈయదగిన కనీసగౌరవమును అదియే.