పొగబండి చూడబోయి...

మా రెడ్డిగూడెంలో రైలు లేదు. ఎటు చూసినా మామిడి తోటలే. వేసవి వచ్చిందంటే బంగినపల్లి, రసాలు, తోతాపురి కాయలు ట్రాక్టర్లమీద, లారీలమీద నున్న మార్కెట్టుకు తరలిపోతుంటాయి. రైలు కూత వినాలంటే మైలవరం దాటి కొండపల్లి దాకా వెళ్ళవలసిందే. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది ఆ దారినే. అటువంటి ఈ ఊళ్ళో, రైలింజను కడుపులో మంట వేసి బ్రతికిన మనిషి ఒకరున్నారని మేము ఇక్కడి సంఘానికి వచ్చిన చాలా ఏళ్ళ వరకు మాకు తెలియదు.

ఆయన పేరు రాయవద్దన్నారు. కనుక పెద్దయ్యగారు అనే రాస్తున్నాము. 2022 నాటికి ఆయనకు ఎనభై ఆరేళ్ళు. ఆదివారం అందరికంటే ముందుగా వచ్చి, గోడవారగా కూర్చుని, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. గట్టిగా అరిస్తేగాని వినిపించదు. కుడి ముంజేతిమీద అరచేయంత పాత కాలిన మచ్చ ఉంది. "రైల్వేలో చేశాడు" అని కొడుకు ముక్తసరిగా చెప్పేవాడు. అంతకుమించి ఆ ఇంట్లో ఆ మాట వచ్చేది కాదు.

ఆ ఏడు ఆగస్టులో పెద్దయ్యగారి కంటి పరీక్షకని చెన్నై ప్రయాణం పెట్టుకున్నారు. మన పెద్దల నోట ఇప్పటికీ అది మద్రాసే! మాకూ అక్కడ పని ఉండటంతో కలిసి బయలుదేరాము. పెద్దయ్యగారు, కొడుకు, పాలిటెక్నిక్ చదువుతున్న మనవడు, మేమిద్దరము, మొత్తం ఐదుగురం. బెజవాడలో రాత్రి బండి ఎక్కితే 430 కిలోమీటర్లు కరెంటు ఇంజను ఎప్పుడు లాగిందో, తెల్లవారేసరికి ఎప్పుడు దింపిందో తెలియనే లేదు.

మరునాడు ఆగస్టు 15. ఆసుపత్రికి సెలవు. బసలో ఖాళీగా కూర్చున్న వేళ మనవడు సెల్‌ఫోనులో ఒక వార్త చూసి ఎగిరి గంతేశాడు. "తాతా, ఇవాళ ఎగ్మూరులో పొగబండి నడుపుతున్నారట! 1855 నాటి ఇంజనట!"

పెద్దయ్యగారికి రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. విన్నాక చెయ్యి ఊపేశారు. "ఆ మసిగుడ్డను చూడటానికి ఒక ప్రయాణమా? నలభై ఏళ్ళు చూశాను, చాలదూ?"

మనవడు వదలలేదు. చివరికి ఆయన చెప్పులు వేసుకున్నారు.

నూట అరవై ఏడేళ్ళ ముసలి ఇంజను

ఎగ్మూరు స్టేషను 1908లో కట్టిన ఎర్రని భవనం. ప్లాట్‌ఫారం టిక్కెట్లు తీసుకుని లోపలికి వెళ్ళేసరికే జనం కిటకిటలాడుతున్నారు. చంకల్లో పసిపిల్లలు, భుజాలమీద పిల్లలు, చేతుల్లో ఫోనులు. అందరి మధ్య పొగ కక్కుతూ నిలబడి ఉంది ఆ ఇంజను.

చూడగానే మాకు ముందు నవ్వు వచ్చింది. ఇంత చిన్నదా! ఈనాటి ఇంజన్ల పక్కన నిలబెడితే ఏనుగు పక్కన మేకపిల్ల. ఉన్నవి ఆరే చక్రాలు. అందులో నడుమ జత మాత్రం మనిషెత్తున ఉంటుంది. లాగేది ఆ జతే.

దీని పేరు ఈ.ఐ.ఆర్. 21. ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో కిట్సన్, థాంప్సన్, హెవిట్సన్ అనే కంపెనీ 1855లో తయారుచేసి ఓడలో మన దేశానికి పంపింది. అప్పటికి మన దేశంలో రైలు పుట్టి రెండేళ్ళు. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల బండి నడిచింది. 1854 ఆగస్టు 15న హౌరా నుండి హుగ్లీకి ఈస్టిండియన్ రైల్వే బండి మొదలైంది. ఆ రైల్వే కోసం వచ్చినదే ఇది. మన దక్షిణాదిలో, రాయపురం నుండి, మొదటి రైలు కదిలింది ఆ తర్వాతి ఏడాది, 1856లో. అంటే మద్రాసుకు రైలు రాకముందే ఈ ఇంజను పుట్టిందన్నమాట!

1909లో దీనిని పనినుండి తప్పించారు. తర్వాత నూరేళ్ళకు పైగా జమాల్‌పూర్ వర్క్‌షాపులోను, హౌరా స్టేషనులోను బొమ్మలా నిలబడింది. చివరికి చెన్నైలోని పెరంబూరు లోకో వర్క్‌షాపు కార్మికులు దానిని విప్పి, అరిగినవి మార్చి, లేనివి చేసి, 2010లో మళ్ళీ నడిపించారు. దీని తోడబుట్టిన ఇంజను 'ఫెయిరీ క్వీన్' కూడా 1855లో అదే కంపెనీలో తయారైంది. 1997 నుండి ఢిల్లీ-అల్వర్ మధ్య యాత్రికులను తిప్పి, మరుసటి ఏడు గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది.

ఎసరు చేసే పని

మనవడు యంత్రాల చదువు చదువుతున్నవాడే అయినా ఆవిరి ఇంజను కదలగా చూడటం అదే మొదటిసారి. అతనికి తెలిసినది అతను, తాతగారికి తెలిసినది ఆయన మాకు చెప్పుకొచ్చారు.

అన్నానికి ఎసరు పెట్టి గట్టిగా మూత వేస్తే ఏమవుతుంది? ఆవిరి మూతను ఎగరేస్తుంది. నీరు ఆవిరిగా మారితే దానికి పదహారు వందల రెట్ల చోటు కావాలి. ఆ చోటు ఇవ్వకుండా ఇనుప బాయిలర్‌లో బంధిస్తే దానికి బలం వస్తుంది. ఆ ఆవిరిని సిలిండరులోకి వదిలితే పిస్టను ముందుకు వెనుకకు తోసుకుపోతుంది. పిస్టనుకు కట్టిన కమ్మీ చక్రాన్ని తిప్పుతుంది. పని అయిపోయిన ఆవిరి పొగగొట్టం గుండా పైకి చిమ్ముతుంది. మనం చిన్నప్పుడు ఆటల్లో అనే "ఛుక్ ఛుక్" ఆ చిమ్మే శబ్దమే. రెండు సిలిండర్ల ఇంజనులో చక్రం ఒకసారి తిరిగితే నాలుగు ఛుక్కులు. అంతేకాదు, అలా చిమ్మే ఆవిరి వెనుకనున్న పొగను కూడా తనతో లాక్కుపోతుంది. దాంతో పొయ్యిలోకి గాలి జోరుగా వస్తుంది. బండి ఎంత కష్టపడితే మంట అంత రగులుతుంది.

"ఇదంతా ఒక గాజుగొట్టంమీద ఆధారపడి ఉంటుందండీ అయ్యగారూ" అన్నారు పెద్దయ్యగారు. ఆయన అంతసేపు మాట్లాడటం మేము వినడం అదే మొదలు. "బాయిలర్‌లో నీళ్ళు ఎంత ఉన్నాయో ఆ గొట్టంలో కనబడాలి. నిప్పుగూడు కప్పుమీద ఎప్పుడూ నీళ్ళు నిలవాలి. తగ్గాయా, కప్పు ఎర్రగా కాలి కూలుతుంది. అందుకే కప్పులో సీసం బిరడా పెడతారు. నీళ్ళు తగ్గితే సీసం కరిగి, ఆవిరి మంటమీద పడి మనల్ని హెచ్చరిస్తుంది. అది కరిగించుకున్నవాడికి షెడ్డులో తలెత్తుకోవడం ఉండదు."

అందరూ ఒకటి చూస్తే ఆయనొకటి చూశారు

కూత వేసింది. ప్లాట్‌ఫారమంతా కేకలు, చప్పట్లు. మా కాళ్ళకింద నేల సన్నగా అదిరింది. మాకు తెలియకుండానే మేమూ చప్పట్లు కొట్టాము. దాచుకోవడమెందుకు, నలభై దాటిన మేము ఆ క్షణాన పదేళ్ళ పిల్లలమయ్యాము. ఒకే పెట్టెను తగిలించుకుని, తెల్లని ఆవిరి కప్పుకుని, ఆ ముసలి ఇంజను చేట్‌పట్ వైపు మెల్లగా కదిలింది. కోడంబాకం దాకా వెళ్ళి తిరిగి వస్తుందట.

పెద్దయ్యగారు మాత్రం చక్రాలను చూడటం లేదు, పొగగొట్టాన్నీ చూడటం లేదు. లోపల పార పట్టుకున్న మనిషినే చూస్తున్నారు. కూత ఆయన చెవికి ఎంత చేరిందో తెలియదు. పక్కనున్న ఇనుప స్తంభంమీద మాత్రం అరచెయ్యి ఆనించి ఉంచారు.

"పార నిండుగా వేస్తున్నాడు" అన్నారు గొణిగినట్టుగా. "అందుకే నల్లపొగ. నల్లపొగ వస్తే ఫైర్‌మాన్‌కు సిగ్గు. బొగ్గు కుమ్మరించకూడదు. కాస్త కాస్త, తరచు తరచు, పలచగా వెయ్యాలి. విత్తనాలు చల్లినట్టు చల్లాలి."

తర్వాత ఒక బల్లమీద కూర్చోబెడితే, అడగకుండానే చెప్పసాగారు. కుర్రవాడిగా బెజవాడ షెడ్డులో ఇంజన్లు తుడిచే పనిలో చేరారు. ఆ తర్వాత ఫైర్‌మాన్ అయ్యారు. పెద్ద ఇంజనుకు డ్రైవరుతోపాటు ఇద్దరు ఫైర్‌మాన్లు. ఒకరు బొగ్గు పగలగొట్టి అందిస్తే ఒకరు పొయ్యిలో వెయ్యాలి. ఒక్క డ్యూటీలో చేతులమీదుగా పోయే బొగ్గు టన్నుల లెక్క. రోహిణీకార్తెలో బయట వడగాడ్పు, ఎదురుగా నిప్పుగూడు. వీపుకు వాన, ముఖానికి మంట తగిలిన రాత్రులు ఎన్నో. ముంజేతి మచ్చ ఆవిరి తగిలి కాలినది. "నాతో చేరినవాళ్ళలో దగ్గుతోనే పోయినవాళ్ళున్నారండీ" అని ఆగారు.

"మళ్ళీ ఆ రోజులు వస్తే బాగుండునని ఉందా తాతగారూ?" అని మా ఇంట్లో వారు అడిగారు.

"వద్దమ్మగారూ!" అన్నారు వెంటనే. "చూడటానికి బాగుంటుంది. చెయ్యడానికి కాదు. నా మనవడు కరెంటు ఇంజను నడిపితే నాకు సంతోషం." కాసేపటికి మళ్ళీ అన్నారు: "కానీ ఇంతమంది దానికి చప్పట్లు కొడతారని నేననుకోలేదు."

కొడుకు మాట

అంతవరకు కొడుకు మాట్లాడలేదు. అరవైకి దగ్గరైన మనిషి, మామిడి రైతు, నిబ్బరం గలవాడు. జనం ఆ ఇంజను వచ్చే వైపు తొంగి చూస్తుండగా ఆయన మా పక్కకు జరిగి మెల్లగా అన్నాడు.

"నేను బడిలో చదివే రోజుల్లో నాన్న ఒకసారి డ్యూటీ దిగి అలాగే మసిబట్టలతో నాకు ఫీజు కట్టడానికి వచ్చాడండి. ముఖమంతా మసి. స్నేహితులు ఎవరని అడిగితే, మా ఇంటి పనివాడని చెప్పాను. నాన్న విన్నాడు. ఏమీ అనలేదు. మళ్ళీ ఎప్పుడూ బడికి రాలేదు. మా ఇంట్లో రైలు మాట ఎత్తకపోవడానికి అదేనండి కారణం."

మాకు ఏమనాలో తోచలేదు. సలహాలు చెప్పడం అలవాటైన నోరు కూడా అప్పుడప్పుడు మూతపడటం మంచిదే.

ఇంజను తిరిగి వచ్చింది. జనం మళ్ళీ కేకలు వేశారు. ఆ గోలలో కొడుకు తండ్రి చెవి దగ్గరకు వంగి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో మాకు వినబడలేదు, అది మాకోసం కాదు కూడా. పెద్దయ్యగారు తల ఊపారు. కాలిన మచ్చ ఉన్న చేత్తో కొడుకు భుజం పట్టుకుని లేచి, మనవడి వెంట ఇంజను దగ్గరకు నడిచారు. పార పట్టిన ఆ యువకుడు కిందికి వంగి ఆయన చెయ్యి అందుకున్నాడు. అతని అరచేతి మసి పెద్దయ్యగారి చేతికి అంటింది. సాయంత్రందాకా ఆయన కడుక్కోలేదు.

చూడాలనుకునేవారికి

ఆవిరి బండి మన దేశంలో పూర్తిగా మాయం కాలేదు. చిత్తరంజన్‌లో చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజను 1970లో తయారైంది. దానికి 'అంతిమ్ సితారా' అని పేరు పెట్టారు. 1995 డిసెంబరు 6న జలంధర్-ఫిరోజ్‌పూర్ మధ్య బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి బండి ఆఖరుసారి నడిచింది. అయినా నీలగిరిలో మెట్టుపాళయం నుండి కూనూరు కొండకు నేటికీ ఆవిరి ఇంజనే రైలును ఎక్కిస్తుంది. 1899లో మొదలైన ఈ దారిలో పన్నెండు అడుగులు నడిస్తే ఒక అడుగు పైకి ఎక్కే నిటారు చోట్లున్నాయి. పట్టాల నడుమ పళ్ళున్న కమ్మీ వేసి, ఇంజను కిందనున్న పళ్ళచక్రాన్ని దానిలో ఇరికించి ఎక్కిస్తారు. ఇంజను ముందుండి లాగదు, వెనుకనుండి తోస్తుంది. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వాల జాబితాలో చేర్చింది. ఢిల్లీలో 1977లో తెరిచిన జాతీయ రైలు మ్యూజియం, హర్యానాలో 1893 నాటి రేవాడీ ఆవిరి షెడ్డు కూడా పిల్లలకు చూపించదగినవి.

వెళ్ళినప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇంజను ఎంత అందంగా ఉన్నా దానంతటది ఒక్క అడుగు కదలలేదు. తెల్లవారుజామునే లేచి నిప్పు రాజేసినవారు, గాజుగొట్టంమీదనుండి చూపు తిప్పనివారు ఉంటేనే అది కదిలింది. నూట అరవై ఏళ్ళ ఇనుమును తుడిచి, నూనె రాసి నిలబెట్టడం మంచి పనే. దానితో బ్రతికినవారు మన ఇళ్ళలో గోడవారగా మౌనంగా కూర్చుని ఉంటే, వారిని ఒక మాట అడగడం అంతకంటే ముందు చేయవలసిన పని. రైలు అయినా, మగ్గమైనా, రైసుమిల్లయినా, మామిడి తోటకు నీళ్ళు మోసిన కావడి అయినా, ప్రతి ఇంట్లో ఎవరో ఒకరి చేతిమీద ఒక మచ్చ ఉంటుంది. అది ఎలా వచ్చిందో అడిగారా?

ఊరికి వచ్చిన వారానికి మేము వారి తోటకు వెళ్ళాము. పాకలో పురుగుమందు డబ్బాలు పెట్టుకునే ఒక తుప్పు పట్టిన ఇనుప పెట్టె ఉండేది. అది పెద్దయ్యగారు డ్యూటీకి తీసుకువెళ్ళిన పెట్టె అని అంతకుముందు మాకు తెలియదు. ఇప్పుడది పాకలో లేదు. కొడుకు దానిని గీకి, రంగు వేసి, ఇంట్లో తండ్రి మంచం పక్కన పెట్టాడు. మూతమీద మసకగా మిగిలిన అక్షరాలను మాత్రం రంగుతో కప్పలేదు.